లూదియా కొలిచిన వెలుగు

నంద్యాల డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ లూదియాది. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తుంది. వాళ్ల నాయన తిమోతి బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. చీర కొంగుకు సుద్ద అంటుకున్నా చూసుకోని ఈ మనిషి ఆరేళ్లు లేజర్ ప్రయోగశాలలో పరిశోధన చేసిందంటే కొత్తవాళ్లు నమ్మరు.

అక్కడ ఆమె పని తిరిగొచ్చే వెలుగును కొలవడం. ఆవగింజంత గోళీ మీదికి బలమైన లేజర్ వదిలితే దాని పైపొర క్షణంలో కాగిపోయి ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వాయువు, అవుతుంది. ఆ దెబ్బకు లోపలి ఇంధనం నలిగి, పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టాలని వాళ్ల ప్రయత్నం. కానీ ప్లాస్మాలో అలలు లేచి, వచ్చిన వెలుగులో కొంత చెదరగొట్టి వెనక్కి తోసేస్తాయి. అదంతా వృథాయే. ఎంత వృథా అవుతోందో లూదియా చెప్పాలి.

నూటికి పన్నెండు పాళ్లని తేల్చింది. పేపరు రాసి జర్నల్‌కు పంపేశారు. ఆ తర్వాత ఒకరోజు గోళీ పెట్టకుండానే లేజర్ వదిలి చూసింది. ప్లాస్మానే లేదు, అయినా మీటరు నూటికి నాలుగు చూపించింది! దారిలో ఉన్న అద్దానికి పూత అరిగిపోయి, అదీ వెలుగును వెనక్కి కొడుతోంది. ఆ నాలుగునూ తను ప్లాస్మా మీదే వేసేసింది.

ఆ పూటే ఇంటికి ఫోన్ చేసింది.

“నాయనా, నా కొలత తప్పు. ఎవురికీ తెలీదు. చెప్పాల్నా?”

“ఎవురికీ తెలీదంటావేందమ్మా, నీకు తెలుసు గదా. పోయి చెప్పు. తిడితే తిట్టనీ.”

గైడు సరస్వతి మేడమ్ తిట్టలేదు. కాగితాలు చాలాసేపు చూసి, “నేనూ అద్దాన్ని అనుమానించలేదు” అంది. పేపరు వెనక్కి తీసుకున్నారు. దాని మీద పేర్లున్న తోటివాళ్లు కొందరు లూదియాతో మాట్లాడటం మానేశారు. అద్దం మార్చి ఐదు నెలలు మళ్లీ కొలిస్తే ఎనిమిది వచ్చింది. కొత్త పేపరులో మేడమ్ లూదియా పేరే మొదట వేసింది.

ఈ మే నెలలో లూదియా మా బీఎస్సీ అమ్మాయి షాలినిని రెండు వారాలు ఆ ప్రయోగశాలకు తీసుకుపోతోంది. మొన్న షాలిని తల్లి లూదియాను కలవడానికి కాలేజీకి వచ్చింది.

“మేడమ్, ఆ లేజరుతో పాప కండ్లకేం కాదు గదా?”

“ఇవి పెట్టుకోనే పని చేస్తామక్కా,” అంటూ లూదియా సంచిలోంచి రక్షణ కళ్లద్దాలు తీసి ఆమెకే పెట్టింది. ఆమె వాటితో స్టాఫ్‌రూమంతా కలియజూసి, మమ్మల్ని చూసి పకపకా నవ్వింది.

“సరే, పోయిరానీలే” అంది.