దొరికిన పిల్ల కాదు

మాది నరసరావుపేట. పాతబడ్డ వెబ్‌సైట్లను విప్పి కొత్తగా కట్టడం నా పని. ఎక్కువగా ట్రస్టులవీ, ప్రభుత్వ ఆఫీసులవీ. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైన పరిగెత్తే అక్షరాలు, మూలన తిరిగే గులాబీ, ఎంతమంది చూశారో చూపే మీటరు. ముందూ వెనకా చూడకుండా పీకేస్తాను.

గురజాల వైపు చర్చివాళ్లు నడిపే పిల్లల హోము ఒకటి ఉంది. అక్కడి కార్యదర్శిని అందరూ అమ్మగారంటారు. "మా సైటు పురాతన కాలందయ్యా, నలుగురూ చూసేట్టు చెయ్యి" అని నాకు అప్పగించారు. హోములో పెరిగి, ఇప్పుడు మాచర్లలో నర్సుగా చేస్తున్న ఒకమ్మాయి కథ మొదటి పేజీలో పెట్టమన్నారు. "మూడేళ్లప్పుడు నడికుడి స్టేషన్లో మా చేతికొచ్చింది. అప్పుడు నేను లేను, అంతకన్నా తెలీదు" అన్నారు.

నేను ఊరుకున్నానా? "ప్లాట్‌ఫారం మీద అనాథగా దొరికిన పాప, నేడు నర్సు" అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. చదివినవాళ్ల గుండె కరగాలని. రాసుకున్నాక నా భుజం నేనే తట్టుకున్నాను.

పేజీ ఒప్పుకోలు కోసం ఆ అమ్మాయికి పంపాను. మర్నాడు డ్యూటీ దిగి, బస్సెక్కి నేరుగా నా ఆఫీసుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"దొరికానని ఎవరు చెప్పారన్నా మీకు?"

"స్టేషన్లోనని అమ్మగారే అన్నారమ్మా."

"స్టేషన్లో వచ్చిందన్నారు. దొరికిందని అన్లా. దొరకడమేంది, నేనేమన్నా పర్సునా? బళ్లో చానామంది అన్నారు, దొరికిన పిల్ల, దొరికిన పిల్ల అని. ఇప్పుడు మీరు లోకమంతా చదివేట్టు రాశారు."

నాకు కోపమొచ్చింది. తప్పు మనదని తెలిసినప్పుడు వచ్చే పాడు కోపం. "మరి ఎట్టా వచ్చావో నీకు తెలుసా?" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

ఆ అమ్మాయి తల దించుకుంది. "తెలీదు. హోములో రిజిస్టరును చెదలు తినేశాయంట. అంతకుముందే దాన్ని పాత సైట్లో ఎక్కించారని వంటావిడ చెప్పేది. తీసి చూస్తే అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలేనన్నా."

ఆ పేజీ నాకు తెలుసు. వారం కిందటే చెత్త అని పక్కన పడేశాను. నిజానికి అది పాత డీటీపీ ఫాంటులో కొట్టిన తెలుగు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఇంగ్లీషు ముక్కల్లా కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు నేను పెళ్లి కార్డులు కొట్టింది ఆ ఫాంటుతోనే. చూడగానే పోల్చుకోవాల్సినవాణ్ణి, బద్ధకించాను.

అటక మీద నుంచి పాత కంప్యూటరు దించి, దుమ్ము దులిపి, ఆ పేజీని అందులోకి ఎక్కించాను. తెలుగు అక్షరాలు వచ్చాయి. బయటివాళ్లు చూడాల్సిన వివరాలు కావవి. మిగతా పిల్లల వరసలు దాటించి ఆమె పేరు దగ్గర ఆపాను. పక్కనే తల్లి పేరుంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ కింద ఇలా ఉంది:

"నడికుడి స్టేషనులో తల్లి స్వయంగా అప్పగించినది. తల్లికి జబ్బు. నయమైన వెంటనే వచ్చి తీసుకువెళ్తానని చెప్పినది."

తల్లి పేరును ఆ అమ్మాయి పెదాలతో రెండుసార్లు అనుకుంది. తర్వాత "అప్పగించినది" అన్న మాట మీద వేలు పెట్టి, అప్పుడు కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఆమె ఎదుటే నా వాక్యాన్ని కొట్టేసి, ఏం పెట్టమంటావని అడిగాను.

"జబ్బుపడ్డ తల్లి అప్పగించిన బిడ్డ అని పెట్టండి."

అలాగే కొట్టాను. ఒకసారి చదివి, సరేనంది. ఆ వరస ప్రింటు తీసిస్తే నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా అమ్మకు నయం కాలేదన్నా," అంది. "అయ్యుంటే వచ్చేది."