నాకు రాని పెళ్లిపత్రిక

పొద్దున ఆవడి నుంచి మా చిన్నత్త ఫోన్ చేసింది. తిరువళ్లూరులో ఉండే మా తోడికోడలు సుజాత మెయిల్ నుంచి పెళ్లిపత్రిక వచ్చిందట, విప్పగానే చిన్నత్త కంప్యూటర్ హ్యాంగై కూర్చుందట. తీరా చూస్తే అది వైరస్! పెళ్లిపత్రికను విప్పకుండా పక్కన పెట్టడం మా ఇళ్లలో పెద్ద తప్పు. అందుకే తనకెవరో పంపితే సుజాతా విప్పింది, చిన్నత్తా విప్పింది, పాండూరు బావగారూ విప్పారు.

తిరుత్తణిలో మా ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ వెతికాను. నాకు రాలేదు. స్పామ్‌లో కూడా లేదు.

సుజాతకు ఫోన్ చేసి, "నాకు రాలేదే?" అన్నాను.

"రాలేదా! నువ్వు తప్పించుకుంటివి పో అక్కా. నా మెయిల్లో యెవురెవురి అడ్రసుండాదో వాళ్లందరికీ దానంతట అదే పొయినాది. కనకమ్మ సత్రం ఊళ్లో ఎరువులంగడాయనకు గూడా పొయినాది!"

అంటే, ఎరువులంగడాయన ఉన్నాడు. సుజాత సీమంతానికి గాజులు తొడిగిన నేను లేను. మొన్న ఆడికృత్తిక పండక్కి మా ఇంటికొచ్చి, నా చేతి పాయసం తాగుతూ, నా మెయిల్ అడ్రసు అడిగి మరీ ఫోన్‌లో కొట్టుకున్న మనిషి! కొట్టుకున్నట్టు నటించిందని ఇవాళ తెలిసింది.

మా ఆయనేమో "మన కంప్యూటర్ బతికిపోయినాది లే" అని ఒకటే సంబరం. కొత్తగా వేయించిన యాంటీవైరస్ కూడా నాలాగే పిలుపు లేక ఊరికే కూర్చుంది.

సుజాత పేరుతో పెళ్లిపత్రిక వస్తే విప్పకండి, వెంటనే తీసేయండి. ఇప్పటికే మీకు వచ్చి ఉంటే మాత్రం, దయచేసి నాకు చెప్పకండి.