చిన్నత్త చీలమండ
నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డలో మా మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి దిగుతూ మా చిన్నత్త నిచ్చెన మీద నుంచి పడింది. మొగుడు పోయాక మా నాయన దగ్గరే ఉన్న చెల్లెలు ఆమె. ఇంటి చాకిరీ సగం ఆమె చేతుల మీదే నడిచేది. చీలమండ వాచిపోయింది. కట్టు కట్టిన పెద్దమనిషి, ఉగాది దాటేదాకా ఆ కాలు నేల మీద మోపొద్దని చెప్పిపోయాడు.

మా జేజికి, అంటే నాయన తల్లికి, కూతురంటే ప్రాణం. కాలు నయమైతే అహోబిలానికి నడిపించుకొని వస్తానని నరసింహస్వామికి మొక్కింది. నెల తిరక్కుండానే వాపు తీసింది, నొప్పి పోయింది. ఉగాది ఇంకా రాలేదు, అయినా జేజి ఆగలేదు. మొక్కు ఆలస్యం చేస్తే స్వామికి కోపం వస్తుందంది. చిన్నత్త కూడా నవ్వుతూనే బయల్దేరి, ఎగువ అహోబిలం దాకా నడిచి ఎక్కింది. జేజి మురిసిపోయింది.

ఎండాకాలం వచ్చేసరికి చిన్నత్త అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. నాయన నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోతూ నన్నూ వెంటబెట్టుకున్నాడు. ఫోటో తీయించి చూసిన డాక్టరు, బల్ల మీదున్న ఒక చిన్న ఎముకను నా చేతిలో పెట్టాడు. పొట్టేలును కోసినప్పుడు మేం ఏరుకొని ఆడుకునే ఎముకే అది. మనిషికీ చీలమండలో అట్లాంటిదే ఉంటుందట. ఒంటి బరువంతా దాని మీదికి దిగి, అక్కడి నుంచే మడమకూ పాదానికీ పోతుందట. ఇంత మోసేదానికి ఒక్క కండా అతుక్కొని ఉండదు, నెత్తురు తెచ్చే నాళాలూ కొద్దివే. విరిగినప్పుడు అవీ తెగిపోతే, పైకి నొప్పి తగ్గినా లోపల ఎముక చచ్చిపోతూ ఉంటుంది. అప్పుడు బరువు వేస్తే నలిగిపోతుందని, చిన్నత్తకు జరిగింది అదేనని ఆయన మెల్లగా చెప్పాడు. కాలు ఇక మునుపటిలా కాదన్నాడు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిరుగు బస్సులో మాత్రం నాయన చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఈ మాట అమ్మ చెవిన పడద్దు. నడిపిచ్చింది తనే అని తెలిస్తే బతకదు. నేనే యాడనో గట్టు దిగుతా మెలేసుకున్నానని చెప్తా. పాపా, నువ్వూ నోరు జారద్దు."

నాయన తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన కంట్లో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

జేజి ఆ గట్టు మాట నమ్మింది. నమ్మి, బతికినన్నాళ్లూ తిట్టింది. చిన్నత్త కుంటుకుంటూ నీళ్ల బిందె తెస్తుంటే చాలు, అరుగు మీద నుంచి అందుకునేది.

"కండ్లు యాడ పెట్టుకొని నడిచినావే? సామి ఇచ్చిన కాలు చెడగొట్టుకుంటివి గదా!"

"అవ్ మా, నాదే తప్పు" అనేది చిన్నత్త, బిందె దించుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయేది. నోటిదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో! జేజి పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా చిన్నత్తే. ఇక తనను తిట్టేవాళ్లు ఎవరున్నారని ఏడ్చింది.

ఇప్పుడు నాకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి. దారిలో కుంటుతూ పోయేవాళ్లు కనిపిస్తే పక్కకు జరిగి దారి ఇస్తాను. చూసుకొని నడవమని మాత్రం ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు.