గోడ మీది బొగ్గు గీత

నా చిన్నప్పుడు ఒకే ఒక్క మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆమె మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. విరుదునగర్‌లో చదువుకునేది, సెలవులకు కోవిల్‌పట్టి దగ్గరి మా ఊరికి వచ్చేది. నేను నల్లరేగడి చేలో పత్తి తీసే పిల్లను. నాకంటే రెండేళ్లే పెద్ద అయినా, మా ఇంట్లో అందరూ ఆమెతో పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. అది చూసి ఓర్చుకోలేకపోయేదాన్ని.

ఆ ఏడు మా మేనమామ కూడా వచ్చాడు. ఆయన మదురై కాలేజీలో రసాయన శాస్త్రం చదివేవాడు. నన్నూ విరుదునగర్ పంపాలని అమ్మ పట్టుబట్టింది. పిల్లకు చదువు ఎక్కుతుందని మామ చెబితే పంపుతానన్నాడు నాయన.

మామ వసారా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. అది ఎడమవైపు కాస్త ఎత్తులో చదునుగా మొదలై, గుట్టలా లేచి, కుడివైపు మొదటికంటే బాగా కిందికి దిగింది. ఇది అగ్గిపుల్ల కథ అన్నాడు. ఎడమవైపున్నది కొత్త పుల్ల, కుడివైపున్నది కాలిన పుల్ల. ఎత్తు అంటే దానిలో దాగిన శక్తి. గుట్ట దాటించడానికే మనం పుల్లను పెట్టెకు రాస్తామట. గుట్ట దాటాక అది తనంతట తానే మండుతుంది కదా అని అక్క వెంటనే అంది. మామ ముఖం వెలిగిపోయింది. నేను ముఖం తిప్పుకున్నాను.

మర్నాడు ఇద్దరినీ ఒక ప్రశ్న అడుగుతానన్నాడు మామ. అన్నం తిని వచ్చి ఆ గీతను పలక మీద దించుకుంటానంది అక్క. ఆమె లోపల తింటుండగా నేను దాన్ని అరచేత్తో తుడిచేశాను. వచ్చి గోడ చూసింది, తర్వాత నన్ను చూసింది. మసి చెయ్యి పావడ వెనక దాచుకున్నాను. ఆమె పలకను మళ్లీ లోపల పెట్టేసింది.

మర్నాడు పొద్దున మామ రెండు గీతలు గీశాడు. రెండూ ఒకే ఎత్తున మొదలై ఒకే లోతున ముగిశాయి. ఒకదాని గుట్ట చిన్నది, ఇంకోదానిది పెద్దది. దేనిలోంచి వేడి ఎక్కువ వస్తుందని అడిగాడు. అక్క నోరు తెరిచేలోపే పెద్ద గుట్ట అనేశాను. పత్తి కుప్పలు చూస్తూ పెరిగినదాన్ని, ఎత్తైన కుప్పే ఎక్కువ రాబడి అని నా లెక్క.

మామ నన్ను తిన్నె మీదికి తీసుకెళ్లాడు. దాని పక్కగోడ దాటితే వీధి. ఒకచోట గోడ కూలి మోకాలెత్తే మిగిలింది. అక్కడ ఒకసారి, నిండు గోడ ఉన్నచోట ఒకసారి నన్ను దాటించాడు. రెండోసారి మోచేతులు గీరుకుపోయాయి.

“గోడ ఎత్తుగా ఉండాదని వీధి ఇంకా పల్లానికి పోయిందా, పాపా?” అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఎక్కడ మొదలై ఎక్కడ దిగామన్నదే వేడి. గుట్ట చెప్పేది మొదలుపెట్టడం ఎంత కష్టమో అంతే. రెండింటిలోనూ వచ్చే వేడి ఒకటే. కానీ గుమ్మంలో నిలబడి నాయన అంతా విన్నాడు. పత్తి తీసేదానికి ఈ గీతలెందుకని తలగుడ్డ చుట్టుకుని చేనికి బయలుదేరాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అక్క అడ్డం వెళ్లి తన బడి సంగతి చెప్పింది.

“నేనూ పళ్ళికూడంలో మొదుట అట్లే చెప్పితిని, చిన్నాయనా. నాకు తెలిసేదానికి వారం పట్టె. ఇది ఒక్క పొద్దులో తెలుసుకునె.”

నాయన ఆగి మామ వైపు చూశాడు. పిల్ల చదువుతుందన్నాడు మామ. సెలవులు అయ్యాక అక్కతో పాటే విరుదునగర్ వెళ్లాను.

అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ బడిలో అలాంటి గీతలు ఎవరూ చెప్పరని. అక్క ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఆ పొద్దున నా కోసం, తాను చేయని తప్పును తన మీద వేసుకుంది.

అసూయ నన్ను పూర్తిగా వదిలిందని చెప్పను, అబద్ధమవుతుంది. ఈ వయసులోనూ ఎవరి గొప్పో చూసి లోపల రగులుతుంది. అప్పుడు మాత్రం ముందు నా అరచెయ్యి తిప్పి చూసుకుంటాను.