మూడో పొక్క

గట్టయ్య పుట్టింది కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో, బతికింది గోదావరిఖనిలో. పద్దెనిమిదేళ్లు బాయిలో, అంటే బొగ్గు గనిలో దిగి బొగ్గు మోశాడు. మోకాళ్లు అరిగాక, రెండువేల రెండులో, కంపెనీ చూపించిన స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి ఆటో కొన్నాడు. అట్లా సంతకం పెట్టినవాళ్లు వాడకు పదిమంది ఉంటే, అందులో ఎనిమిదిమంది కొన్నది ఆటోలే. ఊళ్లో మనుషులకంటే ఆటోలెక్కువయ్యాయని జనం నవ్వుకున్నారు. నవ్వరూ మరి! బాయిలోంచి బయటికి పంపిన మనిషి ఇంకేం పని చేస్తాడో ఆ నవ్వినవాళ్లలో ఒక్కడూ చెప్పలేదు.

మనిషి మంచివాడు, నోరు మాత్రం దురుసు. "అవ్వా, కాలు లోపటికి గుంజుకో, లేకుంటే నడి తొవ్వల దించి పోత" అని ముసలివాళ్లను గదమాయించేవాడు. తీరా ఇల్లు రాగానే ఆ అవ్వ సంచి తనే మోసి గడప లోపల పెట్టి వచ్చేవాడు. పదిమందీ అతని ఆటో కోసమే చూసేవాళ్లంటే ఊరికే చూసేవాళ్లా?

ఖనిలో ఒక ఆచారం ఉంది. సైరన్ రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారేటప్పుడు కూస్తుంది. వేళగాని వేళ కూసిందంటే ఏదో బాయిలో ప్రమాదం జరిగిందన్నమాట. అప్పుడు అడ్డా మీది ఆటోలు ఎవరి వంతని సీరియల్ చూడవు. ఎదురుపడిన ఆడవాళ్లను ఎక్కించుకుని కంపెనీ దవాఖానకు ఉరకడమే. దెబ్బ తగిలినవాళ్లను ముందు తెచ్చేది అక్కడికే కదా. కిరాయి మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడి ఆటో ఆ వాడలో మళ్లీ ఎవరూ ఎక్కరు.

రెండువేల ఏడులో మెయిన్ చౌరస్తాలో రద్దీ బాగా పెరిగింది. పెద్దసార్లు కూర్చుని, చాయ్ తాగి, రద్దీకి కారణం ఆటోలేనని తేల్చారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆటో చౌరస్తా దాటకూడదన్నారు. ఒక్క మనిషి కూర్చున్న కారు దాటొచ్చట, ఎనిమిది మంది కూర్చున్న ఆటో దాటకూడదట! ఎందుకయ్యా అంటే ప్రజల సౌకర్యం కోసమట. ఆటోలో కూర్చున్నవాళ్లు ప్రజలు కారేమో మరి. ఆటోలు కాలనీ వెనక నుంచి, బొగ్గు రైలు గేటు మీదుగా తిరిగి పోవాలి. పది నిమిషాల దారి కాస్తా అరగంట దాటింది. ప్రతి డ్రైవరుకూ ఒక పచ్చ కార్డు ఇచ్చారు. దాని మీద మూడు గళ్లు. తప్పు చేసి దొరికితే గడికొక పొక్క, అంటే చిల్లు, కొడతారు. మూడో పొక్క పడిందా, పర్మిట్ రద్దు.

మొదటి పొక్క, వాడలోని ఐలవ్వ కాలు విరిగితే ఆమెను ఎక్కించుకుని చౌరస్తా దాటినప్పుడు పడింది. దానికి గట్టయ్య బాధపడలేదు. రెండోదే మనసు విరిచింది. రెండువేల తొమ్మిది చలికాలంలో ఒకనాడు పదకొండింటికి సైరన్ కూసింది. గట్టయ్య ముగ్గురు ఆడవాళ్లను ఎక్కించుకుని, చౌరస్తాలో ఆటోలకు అడ్డంగా పెట్టిన డ్రమ్మును తనే జరిపి దూసుకుపోయాడు. దవాఖాన దగ్గర చూస్తే చీమ కూడా లేదు. ప్రమాదం వస్తే ఎట్లా ఉరకాలో నేర్పడానికి కంపెనీ పెట్టిన ప్రాక్టీసు సైరన్ అది. వాపసు వస్తుంటే ట్రాఫిక్ పెద్దసారు ఆపి, కార్డు అడిగి, పొక్క కొట్టాడు. "సైరన్ గూసింది సారూ" అంటే, "సైరన్ కంపెనీది, రోడ్డు మాది" అన్నాడు.

అడ్డా మీద వాళ్లకు నెలరోజులు అదే నవ్వులాట. "గట్టన్నా, కుక్కర్ కూసింది, ఉరుకు ఉరుకు!" అని ఒకడు, "జర ఆగు, ప్రాక్టీసే గావచ్చు" అని ఇంకొకడు. గట్టయ్య కూడా నవ్వాడు గానీ ఇంటికి వచ్చి అన్నం సరిగా తినలేదు. భార్య సమ్మవ్వ ఆ కార్డు తీసి కళ్లకద్దుకుని చెప్పింది: "ఇంకొక్కటి పడితే మన బతుకు బజార్ల పడ్డట్టే. నీకు దండం పెడ్త, ఇగ ఎవ్వలెట్ల పోయినా చౌరస్తా దిక్కు పోకు." గట్టయ్య సరేనన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. అదే అతని పాపమైంది.

మరుసటి ఎండాకాలం, పొద్దున పదిన్నరకు సైరన్ కూసింది. అడ్డా మీద ఎవరూ వెంటనే కదలలేదు. ఒకడు నవ్వాడు కూడా. అంతలో పక్క క్వార్టర్ల నుంచి లింగవ్వ ఉరికి వచ్చింది, చేతులకు పిండి అట్లాగే ఉంది. ఆమె భర్త రాయమల్లు గట్టయ్యతో కలిసి పన్నెండేళ్లు ఒకే చోట బొగ్గు ఎత్తినవాడు. వరుసకు బావ. ఆ రోజు మొదటి షిఫ్టులో ఉన్నాడు.

"అన్నా, ఇన్నవా? మీ బావ డ్యూటీల ఉన్నడు. జల్ది పోనియ్యే."

"ఫికర్ జెయ్యకు చెల్లె. మొన్నటి లెక్క ప్రాక్టీసే గావచ్చు" అంటూనే గట్టయ్య ఆటో స్టార్ట్ చేశాడు.

"ఏదైతే ఏంది. చౌరస్తా మీదికెళ్లి పోనియ్యి."

"రెండు పొక్కలు పడ్డయే. ఇంకోటి పడితే నేను, మీ వదినె మన్ను తినాలె. గేటు దిక్కెళ్లి పోదాం. జర ఆల్శమైతది, అంతే."

లింగవ్వ ఎక్కింది. కొంగుతో చేతుల పిండి తుడుచుకుంటూ కూర్చుంది.

రైలు గేటు పడి ఉంది. బొగ్గు నింపుకున్న రైలు నింపాదిగా వస్తోంది. డబ్బా వెనక డబ్బా, ఒడవదే! గట్టయ్య రెండుసార్లు దిగి చూశాడు, గేటుమ్యాన్ మీద కేకలేశాడు. గేటు లేచేసరికి ఇరవై నిమిషాలు పోయాయి.

దవాఖాన ముందు జనం కమ్ముకుని ఉన్నారు. ఈసారి అది ప్రాక్టీసు కాదు. బాయిలో పైనుంచి బండ పడింది. లింగవ్వను చూసి జనం దారి ఇచ్చారు. ఆ దారి ఇచ్చిన తీరులోనే సంగతి తెలిసిపోయింది. ఆమె అరిచిన అరుపు గట్టయ్య ఎన్నడూ మరిచిపోలేదు. రాయమల్లుతో పాటు బాయిలోంచి పైకి వచ్చిన మనిషి తల పట్టుకుని గోడకు కూలబడి ఉన్నాడు.

"పానం వోయి పావుగంట గూడ గాలే" అన్నాడు. "సోయిలనే ఉండె. లింగవ్వ ఏది, లింగవ్వ ఏదని ఒక్కతీర్గ అడిగిండు. చౌరస్తా మీదికెళ్లైతే ఈపాటికి రావాలె గదరా అన్నడు."

గట్టయ్య ఆ దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

పదకొండో రోజు దినాలయ్యాక, చౌరస్తాలో డ్యూటీ చేసే కానిస్టేబులు సదానందం అడ్డా దగ్గరికి వచ్చాడు. ఇతనూ బాయి పనివాడి కొడుకే. గట్టయ్యను పక్కకు పిలిచి, నేల చూస్తూ చెప్పాడు.

"గట్టన్నా, సైరన్ ఇనంగనే నేను డ్రమ్ము పక్కకు జరిపిన. పెద్దసారు గూడ లేకుండె ఆ దినం. ఎవ్వలు రాకున్నా నువ్వు తప్పక వస్తవని నీ తొవ్వ సూసుకుంట నిలవడ్డ. నువ్వే రాకపోతివి."

ఆ మాట విన్నాక ఏం మిగిలింది మనిషికి? ఇంటికి పోయి సమ్మవ్వ ముందు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె కూడా, తనే వద్దన్నానని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. దేవుడి పటం వెనక పచ్చ కార్డు భద్రంగా ఉంది. మూడో గడి చెక్కు చెదరలేదు. ఆ గడిలో పొక్క పడి ఉంటే ఎంత బాగుండేదని గట్టయ్య రోజూ అనుకునేవాడు.

రాయమల్లు కొలువుకు బదులుగా లింగవ్వకు కంపెనీ పని ఇచ్చింది. ఇచ్చింది ఎక్కడ? అదే దవాఖానలో, వార్డులు ఊడ్చే పని. ఆమె రోజూ గట్టయ్య ఆటోలోనే పోయేది. అడ్డా మీద ఇన్ని ఆటోలుండగా అతని ఆటోనే ఎక్కేది. నాలుగేళ్లు అదే గేటు మీదుగా తీసుకుపోయాడు. గేటు పడినప్పుడల్లా అతని వీపు మీద చెమట పట్టేది. నోటి దురుసంతా ఎటు పోయిందో, ముసలివాళ్లను గదమాయించడం కూడా మానేశాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది వానకాలంలో చౌరస్తాలో సిగ్నల్ లైట్లు పెట్టి, ఆటోల మీది నిషేధం ఎత్తేశారు. పచ్చ కార్డులు చెల్లవన్నారు. డ్రైవర్లు పటాకులు కాల్చారు. ఏడేళ్లు తిప్పించుకుని తిప్పించుకుని, చివరికి రద్దీకి కారణం ఆటోలు కావని అప్పుడు తెలిసిందన్నమాట సార్లకు!

మరునాడు పొద్దున ఆటోలో లింగవ్వ ఒక్కతే ఉంది. చౌరస్తా మలుపు కనబడగానే గట్టయ్య పక్కకు తీసి ఆటో ఆపేశాడు.

"చెల్లె, నాలుగేండ్ల సంది ఒక మాట కడుపుల పెట్టుకున్న. ఆనాడు తొవ్వ ఖాళీగనే ఉండె. సదానందం డ్రమ్ము జరిపి నా కోసం సూసిండట. నేనే పోలె. నా కార్డు కోసం పోలె."

"ఎర్కనే అన్నా. దినాల నాడే సదానందం పెండ్లాం చెప్పింది."

గట్టయ్య వెనక్కి తిరిగి చూశాడు. "ఎర్కుండి నా ఆటో ఎట్ల ఎక్కినవే? ఒక్కనాడన్న తిట్టకపోతివి."

"తిడ్దామనే అనుకున్న. మస్తుసార్లు నోటిదాంక అచ్చింది" అంది లింగవ్వ. "గని నేను గూడ గట్టిగ అనలే గదన్నా. నువ్వు ప్రాక్టీసంటె నాకు పానం నిమ్మలమైంది. అదే నిజమనుకున్న. గేటు కాడ ఆగినప్పుడు, ఆయన ఇంటికచ్చేసరికి పప్పు వండాల్నా, శాపలు తేవాల్నా అని సోంచాయించుకుంట కూసున్న. ఈ ఆటోల, ఆ గేటు దాంక ఆయన నాకు బతికే ఉన్నడు. అందుకే ఎక్కిన."

గట్టయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఎదురుగా కొత్త లైటు పచ్చగా వెలుగుతోంది. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు.

"పోనియ్యి, డ్యూటీకి ఆల్శమైతది" అంది లింగవ్వ. "గేటు దిక్కెళ్లే పోనియ్యి."

గట్టయ్య ఆటో తిప్పి గేటు వైపు పోనిచ్చాడు.