బాల్కనీ వద్దన్న తోడల్లుళ్ళు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి సంగతేమీ కాదు, అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లూ ఫోన్లలో వీడియోలూ ఉన్నాయి, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వయసు ఇరవై నాలుగు. ఆ వయసులో మనిషికి అన్నీ తెలిసే ఉంటాయి. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతాయి. నరసరావుపేటలో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచిలో ఉద్యోగం. పేరుకు ఫీల్డ్ ఆఫీసర్ని. చేసే పనల్లా మోటారు సైకిలు వేసుకుని మాచర్ల నుంచి ఎడ్లపాడు దాకా ఉన్న డీలర్ల కొట్లకు వెళ్ళి, మా మిరప విత్తనం గురించి ఎదుటివాడు అలిసిపోయేదాకా మాట్లాడటం. ఫీల్డు అన్న మాట హోదాలో ఉండేది గానీ, నేను ఫీల్డులోకి దిగిన సందర్భాలు తక్కువ (బూట్లు కొత్తవి). ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది, ఇంకా ప్రొబేషన్లోనే ఉన్నాను. పర్మనెంట్ చేసే కాగితం మా మేనేజరు గారి సొరుగులో ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ సొరుగు వైపు చూడకుండా నేను ఆయనకు నమస్కారం పెట్టిన రోజు లేదు.

ఆ ఏడు మా కంపెనీ పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను భార్యాసమేతంగా ఓడ ఎక్కిస్తారట. చెన్నైలో ఎక్కాలి, రెండు రాత్రులు సముద్రంలో ఉండాలి, మళ్ళీ చెన్నైలోనే దిగాలి. "మధ్యలో ఏ ఊరు వస్తుంది?" అని అడిగిన ప్రతివాడికీ "ఏ ఊరూ రాదు, ఊరికే తిరిగొస్తుంది" అని చెప్పలేక చచ్చేవాణ్ణి. మా ఏరియాలో ఆ యోగం ఇద్దరికి పట్టింది. ఒకాయనది మాచర్లలో కొట్టు, రెండో ఆయనది గురజాలలో. ఇద్దరూ నన్ను ఇంట్లో పిల్లాడిలాగా చూసేవాళ్ళు గనుక మాచర్ల బాబాయి, గురజాల బాబాయి అనేవాణ్ణి. ఇక్కడే ఉంది అసలు తంటా. వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. వెల్దుర్తిలో ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు. మాచర్ల బాబాయి పెద్దల్లుడు, గురజాల బాబాయి చిన్నల్లుడు. అత్తగారింట్లో ఎవరికి ముందు కాళ్ళకు నీళ్ళిచ్చారు, ఎవరి విస్తట్లో ఎన్ని ముక్కలు పడ్డాయి అన్నది ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ కళ్ళతోనే కొలుచుకుంటూ వస్తున్నారు. ఒకాయన కారు కొంటే, నెల తిరక్కుండా రెండో ఆయన అంతకన్నా అరడుగు పొడుగు కారు కొనేవాడు. ఆ కారు ఆయన వీధి మలుపులో తిరగదు. అయినా కొన్నాడు.

మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశారు. "మనకు మూడు గదులిచ్చారు. ఒకటి బాల్కనీ, రెండు ఇన్‌సైడ్. ఒక ఇన్‌సైడ్ నీకూ నాకూ. మిగిలిన రెండూ వాళ్ళిద్దరికీ. ఎవరికి ఏదో నువ్వే తేల్చు. లోకలోడివి కదా" అన్నారు. ఆయనది తెనాలి వైపు. కష్టమైన పని వచ్చినప్పుడల్లా నేను లోకలోణ్ణయ్యేవాణ్ణి. "ఇద్దర్లో ఎవరు అలిగినా ఖరీఫుకి మన విత్తనం కొట్లో అటక మీద ఉంటుంది. గుర్తుపెట్టుకో" అని సొరుగు ఒకసారి లాగి, మళ్ళీ మూశారు. అందులోంచి ఏమీ తియ్యలేదు. ఊరికే లాగారు.

ఆ సాయంత్రం మెస్సులో అన్నం తింటూ ఫోన్లో ఓడ గదుల వీడియోలు చూశాను. ఇన్‌సైడ్ అంటే ఓడ మధ్యలో ఉండే గది. కిటికీ ఉండదు, లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు. బాల్కనీ అంటే అద్దం తలుపు, బయట రెండు కుర్చీలు, ఎదురుగా సముద్రం. నాలుగు వీడియోలు చూసేసరికి నేను ఓడల మీద పుట్టి పెరిగినవాడినైపోయాను. ఇక పంపకం. వయసును బట్టి చూస్తే బాల్కనీ పెద్దల్లుడిది. సేల్‌ను బట్టి చూస్తే చిన్నల్లుడిది. కంపెనీ వాళ్ళం కదా, మాకు వయసు ఏ కాలమ్‌లోనూ ఉండదు. చిన్నల్లుడికే బాల్కనీ అని తీర్మానించుకుని, పెద్దల్లుణ్ణి ఒప్పించడానికి మాచర్ల బయల్దేరాను.

మాచర్ల బాబాయి కొట్లో బస్తాల మీద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. శ్రోతలుంటే నాకు ఊపు ఎక్కువ. "బాబాయ్, ఓడలో బాల్కనీ గదులని ఉంటాయి. అవి అంచున ఉంటాయి. అల వస్తే మొదట ఊగేది అవే. ఉప్పుగాలి, జిడ్డు, రాత్రంతా హోరు. తెలిసినోళ్ళెవరూ వాటి జోలికి పోరు. ఇన్‌సైడ్ అని ఉంటుంది, నట్టనడుమ. చీమంత కదలిక ఉండదు. కెప్టెన్ కూడా పడుకునేది అట్టాంటి గదిలోనే" అన్నాను. (కెప్టెన్ ఎక్కడ పడుకుంటాడో నాకు ఈ రోజుకీ తెలియదు.)

"కిటికీ ఉంటదా?" అన్నాడు బాబాయి.

"కిటికీ ఎందుకు బాబాయ్, చూడటానికి నీళ్ళు తప్ప ఏమున్నాయి?"

ఒక రైతు "పెద్దోళ్ళని లోపలే ఉంచుతారు లెండి, బయట కూచునేది కాపలావోళ్ళు" అన్నాడు. ఆ మాటతో వ్యవహారం ఖాయమైంది. బాబాయి నాకు నిమ్మకాయ సోడా తెప్పించాడు. తిరుగు ప్రయాణంలో మోటారు సైకిలు మీద పాడుకుంటూ వచ్చాను.

మూడో రోజున గురజాల బాబాయి దగ్గర్నుంచి ఫోను. "ఒకసారి రా" అన్నాడు, అంతే. వెళ్ళాను. కొట్లో కుర్చీ చూపించలేదు. "ఏందిరా అబ్బాయ్, మా అన్నయ్యకేమో కదలని గదీ, నాకేమో ఊగే గదా? సేల్ ఎక్కువ చేసింది ఎవరు, ఆయనా నేనా?" అన్నాడు. ముందురోజు వెల్దుర్తిలో ఏదో పుట్టువెంట్రుకలు తీయించే కార్యక్రమమట. అక్కడ పెద్దల్లుడు నలుగురిలో కూర్చుని, ఓడ నడిమి గది గురించీ, కెప్టెన్ అలవాట్ల గురించీ సెలవిచ్చాడట. "మా తమ్ముడు కుర్రోడు గదా, అంచున పడేశారు" అన్నాడట చివర్లో.

నేను ఊపిరి పీల్చుకుని, మాచర్లలో చెప్పిందంతా తిరగేసి చెప్పడం మొదలుపెట్టాను. బాల్కనీ అంటే అసలు రాజభోగమనీ, పొద్దున్నే కాఫీ కప్పుతో సముద్రం ముందు కూర్చోవచ్చనీ, లోపలి గది గోదాములాగా ఉంటుందనీ. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని, ఫోను తీసి, తోడల్లుడికి కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. "అన్నయ్యా, మన అబ్బాయి ఈడ ఉన్నాడు. ఏది మంచిదో నువ్వూ విను" అన్నాడు.

"చెప్పు నాయనా, వింటన్నా" అంది మాచర్ల నుంచి గొంతు. ఇరవై ఏళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అంత మర్యాదగా మాట్లాడుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

"రెండూ... దేనికదే మంచిది బాబాయ్" అన్నాను.

"అయితే నాకూ లోపలిదే రాయి" అన్నాడు గురజాల బాబాయి. "నా నెత్తిన ఆయనకంటే తక్కువది అంటగట్టొద్దు." అది ఎక్కువదని ఎంత మొత్తుకున్నా వినలేదు. నేను గట్టిగా చెప్పేకొద్దీ ఆయనకు అనుమానం బలపడింది. నా మాటకు అంత బలముందని అప్పుడే తెలుసుకున్నాను.

ఆఫీసుకొచ్చి మేనేజరు గారికి, ఇద్దరికీ ఇన్‌సైడే కావాలట అని చెప్పాను. ఆయన కాగితం మీద గదులు వేలితో లెక్కపెట్టుకున్నారు. "అంటే మన ఇన్‌సైడ్ వాళ్ళకిచ్చి, ఆ బాల్కనీలో మనం..." అని ఆగారు. "నువ్వు కావాలనే చేశావా?" అన్నారు నెమ్మదిగా. నేను కాదనలేదు. అవుననీ అనలేదు. కొంచెం నవ్వాను. ఆయన నన్ను మొదటిసారి కూర్చోమన్నారు. ఏడాదిపాటు ఎండలో తిరిగితే రాని గౌరవం, చేతగాక చేసిన పనికి వచ్చింది.

చెన్నైలో మధ్యాహ్నం ఓడ ఎక్కాం. ఎవరి గది తాళం కార్డు వాళ్ళకిచ్చి, ఎవరి గది వాళ్ళకు చూపించి, నేనూ మేనేజరు గారూ పై అంతస్తుకు పోయి మా అద్దం తలుపు తీశాం. వీడియోలు అబద్ధం చెప్పలేదు. మేనేజరు గారు బూట్లు విప్పి, కుర్చీలో వాలి, "ఇదీ జీవితమంటే" అన్నారు. ఆ జీవితం ఇరవై నిమిషాలు కూడా సాగలేదు. తలుపు మీద దబదబ చప్పుడు. తీస్తే గురజాల పిన్ని, వెనకాల చేగోడీల డబ్బా పట్టుకుని వాళ్ళక్క మాచర్ల పిన్ని.

"మాత్రలేమన్నా ఉన్నయ్యా అని వచ్చాం, తల తిరుగుతాంది" అంటూ లోపలికొచ్చిన గురజాల పిన్ని, ఎదురుగా వెలుగు చూసి ఆగిపోయింది. "అక్కా, ఈళ్ళ గదికి ఆకాశం ఉందే" అంది.

"మా గదిలో సముద్రం కనపడుద్దేమోనని కర్టెన్ పక్కకి లాగాను అబ్బాయ్" అంది మాచర్ల పిన్ని నాతో. "అద్దం ఉంది. నా మొహమే కనపడింది. అది చూట్టానికి ఇంత దూరం రావాలా?" ఇద్దరూ తిన్నగా బాల్కనీలోకి నడిచారు. మేనేజరు గారు మర్యాదకు లేచి నిలబడ్డారు. అది ఆయన చేసిన తప్పు. అక్కాచెల్లెళ్ళు ఆ రెండు కుర్చీల్లో కూర్చుని డబ్బా మూత తీశారు. ఇక లేవలేదు. అలసిపోయి ఉంటారు, కాసేపు కూర్చుంటారులే అనుకున్నాం. ఓడ కదిలింది, రేవు వెనక్కిపోయింది, వాళ్ళు వెల్దుర్తి కబుర్లలో మునిగిపోయారు. ఎప్పుడు కలిసినా ఇద్దరు మొగుళ్ళ మధ్యనా పొడి మాటలు మాట్లాడుకోవలసి వచ్చిన ఆడవాళ్ళు, ఇరవై ఏళ్ళ బాకీ తీరేలా మాట్లాడుకుంటున్నారు. చీకటి పడబోయే వేళకు మాచర్ల పిన్ని తల తిప్పి, "మా సామాను ఈడికి తెచ్చిపెట్టు అబ్బాయ్. మేమిద్దరం ఈడ పడుకుంటాం. మీరు సర్దుకోండి" అంది. మేనేజరు గారు నా వైపు చూశారు. లోకలోణ్ణి నేనే కదా.

అలా నేనూ మేనేజరు గారూ ఒక చీకటి గదిలో, తోడల్లుళ్ళిద్దరూ ఇంకో చీకటి గదిలో పడ్డాం. ఒకే గదిలో వాళ్ళేం చేసుకుంటారోనని నాకు బెంగగానే ఉంది. మర్నాడు టిఫిన్ల దగ్గర వాళ్ళ జాడ లేదు. పదకొండింటికి భయపడి తలుపు కొడితే, గురజాల బాబాయి కళ్ళు నులుముకుంటూ తీశాడు. "ఇంకా తెల్లారలా గదరా" అన్నాడు. కిటికీ లేని గది తన పని తను చేసింది. వెనక నుంచి మాచర్ల బాబాయి, "కెప్టెన్ లేచాడేమో కనుక్కో అబ్బాయ్" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మంచం పట్టీలు పట్టుకుని మరీ నవ్వారు. రాత్రంతా నేను మాచర్లలో చెప్పిందీ గురజాలలో చెప్పిందీ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారట. వాళ్ళను కలిపింది నేనే. కాకపోతే అందుకు ఎవరూ నాకు సోడా ఇప్పించలేదు.

భోజనాల వేళకు ముందు పిన్నులిద్దరికీ టీ తీసుకుని బాల్కనీ గదికి వెళ్ళాను. మాచర్ల పిన్ని కప్పు అందుకుని అడిగింది. "ఈ గదులు నువ్వు ముందెప్పుడన్నా చూశావా నాయనా?"

"లేదు పిన్నీ. ఫోన్లో చూశా."

"చూడకుండానే అంత గట్టిగా ఎట్టా చెప్పావు?" కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అంది. ఆ తర్వాత, "ఇత్తనాలు గూడా ఇట్టాగే చెప్తావా?" అంది.

నాకు మాట లేకపోవడం అదే మొదలు. (ఆ ఖరీఫులో బూట్లు విప్పి వెల్దుర్తి అవతల ఒక మిరప చేలోకి దిగాను. మేం 'ఎండను తట్టుకుంటుంది' అని అట్ట మీద అచ్చేసిన మొక్క అక్కడ ఎండను తట్టుకోవడం లేదు. ఆ సంగతి కొట్లలో చెప్పినందుకు, సొరుగులోని కాగితం బయటికి రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.) నా మొహం చూసి జాలి కలిగిందేమో, పిన్ని లేచి, "మేం అన్నానికి పోయొస్తాం. ఈడ కాసేపు కూచో. ఏం మాట్లాడబాక" అంది.

కూర్చున్నాను. ఎదురుగా అంతూ పొంతూ లేని నీళ్ళు. వాటి గురించి ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేదు. కాసేపటికి ఓడ పక్కన నీళ్ళలోంచి వెండి రేకుల్లాంటివి ఒక గుంపుగా పైకి లేచాయి. పిట్టలనుకున్నాను. రెక్కలు చాచుకుని, నీళ్ళకు జానెడు ఎత్తున, ఇక్కణ్ణుంచి అక్కడిదాకా ఎగురుకుంటూ వెళ్ళి మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. చేపలు. ఎగిరే చేపలు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫోను చేతిలోనే ఉంది గానీ తియ్యాలని తోచలేదు.

మెట్లు రెండేసి చొప్పున దిగి భోజనాల హాల్లోకి పరిగెత్తాను. తోడల్లుళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకరికొకరు పెరుగు వడ్డించుకుంటున్నారు. "బాబాయ్, చేపలు ఎగురుతున్నాయి. రెక్కలున్నాయి. నా కళ్ళతో చూశాను" అన్నాను ఆయాసపడుతూ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎగురుతయ్ నాయనా, ఎందుకెగరవు" అన్నాడు మాచర్ల బాబాయి, ఎంతో దయగా. "ముందు కూచుని అన్నం తిను."

ఆ ప్రయాణం మొత్తంలో బాబాయిలిద్దరికీ నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.