కొర్నేలి చెవి

ఉక్కు ప్లాంటు వాళ్ళ రిసాలి క్వార్టర్లలో కొర్నేలి ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు కూర్చోడానికి చోటు వెతుక్కునేవారు. ముందు గదిలో సగం రెండు స్పీకరు పెట్టెలకే పోయేది. మిగిలినదాంట్లో యాంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, రికార్డు ప్లేయరు కొలువుదీరి ఉండేవి. సోఫా కొందామని భార్య సుమతి పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఎక్కడ పెడతావని అతను అడిగాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పెట్టెలు టేకు చెక్కతో అతనే చేసుకున్నాడు. లోపల బిగించే స్పీకర్లను నాగపూర్ నుంచి రైల్లో గుడ్డ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పక్కనున్నవాడు చంటిపిల్ల అనుకుని జరిగి చోటిచ్చాడట. ఆ కథ వినని మనిషి ప్లాంటులో లేడు.

ఈ పిచ్చి అతనొక్కడిదే అయితే సుమతి ఎలాగో సర్దుకునేది. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటరు శంకరరావుకీ అదే పిచ్చి. క్యాంప్ 2లో ఒంటిగది ఇంట్లో ఉండే వెల్డరు బలరాం అయితే స్పీకర్లు లోపల పెట్టి తను వాకిట్లో పడుకునేవాడు. ఆదివారం వచ్చిందంటే ముగ్గురూ ఎవరో ఒకరింట్లో చేరేవారు. ఎవరు ఏ తీగ మార్చారో, ఏ పెట్టెకు ఎక్కడ దూది కూరారో చెప్పుకునేవారు. తర్వాత పాట పెట్టేవారు. పాట నడుస్తున్నంతసేపూ మాట లేదు, టీ గ్లాసు చప్పుడు కూడా లేదు. అయిపోయాక కూడా ఎవరూ నోరు విప్పరు. ముందు కొర్నేలి చెప్పాలి.

అతను చెప్పాక ఇక అప్పీలు లేదు. యాంప్లిఫయరు ముందు కూర్చుని, సన్నని పై శబ్దాలను పెంచే ట్రెబుల్ మీట అటూ ఇటూ తిప్పి, సరైన చోట ఆపి, అక్కడ ఎర్ర రంగుతో చిన్న చుక్క పెట్టేవాడు. ఆ చుక్క దాటి ఎవరూ తిప్పకూడదు. శంకరరావు ఇంట్లోనూ ఆ చుక్క ఉంది, బలరాం ఇంట్లోనూ ఉంది. గుళ్ళో బొట్టు పెట్టించుకున్నట్టు పెట్టించుకునేవారు పెద్దమనుషులిద్దరూ.

ఆ చెవికి అంత పేరు ఊరికే రాలేదు. వైర్ రాడ్ మిల్లులో చేరినప్పటి నుంచీ ఏ బేరింగు అరుగుతోందో చప్పుడుబట్టి చెప్పేవాడు. మిల్లు మోత తగలకుండా చెవులకు పెట్టుకోమని ఇచ్చిన మఫ్‌లు మాత్రం అతని లాకరులో కొత్తగానే ఉండిపోయాయి. చెవి మూసుకుంటే మిల్లు ఏమంటోందో ఎలా తెలుస్తుందనేవాడు. సూపర్‌వైజరు కోప్పడ్డాడు, సుమతి బతిమాలింది. మెచ్చుకోళ్ళు తలకెక్కిన మనిషికి మంచిమాట ఎక్కదు.

సుమతి తెలుగు సంఘం చర్చిలో పాడేది. పాటల బృందంలో అందరికంటే పై స్వరం ఆమెది. మనిషి నెమ్మది, గొంతు కాదు. క్రిస్మస్ ఆరాధనలో ఆమె పాడుతుంటే ఏటా కొర్నేలి మైకు పెట్టి రికార్డు చేసేవాడు. ఆ తర్వాతి ఆదివారం స్నేహితులకు వినిపించేవాడు. ఏడాది మొత్తంలో సుమతి ఆ గదిలోకి వచ్చి కూర్చునేది ఆ ఒక్క రోజే.

తొంభైమూడు క్రిస్మస్ టేపు పెట్టిన రోజు పాట అయిపోయింది. అందరూ కొర్నేలి వైపు చూశారు. అతను చాలాసేపు ఆలోచించి, "గొంతులో మెరుపు తగ్గిపోయింది సుమతీ. వయసు గదా, మరేటి చేస్తాం," అన్నాడు.

పెళ్ళామని మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పానని లోపల కాస్త గర్వం కూడా పడ్డాడు. సుమతి లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. అప్పట్నుంచి బృందంలో నిలబడలేదు. చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని పెదవులు కదిపేది, గొంతు కలిపేది కాదు. పాటలు నేర్పే మార్టిన్‌గారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు. "ఆయన చెవి మీకు తెలుసు గదండీ," అని పంపేసింది. ఆమె కూడా అందరిలాగే ఆ చెవిని నమ్మింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే అన్యాయం అదే.

మరో రెండు క్రిస్మసులు అలాగే గడిచాయి. ఆ పై ఎండాకాలంలో ఒకరోజు కొర్నేలి సెలవు పెట్టి, అరువు తెచ్చుకున్న టంకం కడ్డీ తిరిగి ఇవ్వడానికి శంకరరావు ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. శంకరరావు భార్య కన్నమ్మ కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ పాట వింటోంది. ఆ పాట కొర్నేలికి దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. పెట్టె పాడయిందేమోనని దగ్గరికెళ్ళి చూశాడు. ట్రెబుల్ మీట ఎర్ర చుక్కకు బాగా ఎడంగా, కిందికి తిప్పి ఉంది.

"చెల్లెమ్మా, ఎవులు తిప్పీసేరిది?"

"ఆయనే అన్నయ్యగారూ. మీ చుక్క కాడ ఎడితే చెవులు జివ్వుమంటున్నాయి గదా. ఆదివారం మీరొచ్చే ముందు మళ్ళా చుక్క కాడికి తిప్పెస్తారు. బలరాం భయ్యా ఇంట్లోనీ అంతేనట," అని, అన్నాక కన్నమ్మ నాలుక్కరుచుకుంది.

లోపలి నుంచి శంకరరావు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించాడు.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు కొర్నేలి.

"ఛోడో న అన్నా, అదేటి పెద్ద విషయం..."

"ఎన్నాళ్ళయింది శంకరం?"

శంకరరావు తల దించుకున్నాడు. "మూడు నాలుగేళ్ళు అయ్యుంటాది. నీ చుక్క ఏటేటా పైకి పోతా ఉంది. మేం అనుకున్నాం, నీకు బాధవుతాదని..."

కొర్నేలికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. పెద్దవాళ్ళిద్దరు ప్రతి ఆదివారం తన కోసం మీట తిప్పి, చెవులు పోటెత్తుతున్నా కళ్ళు మూసుకుని "వాహ్" అన్నారన్నమాట. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ వెంటనే అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"సుమతి పాట, ఆ క్రిస్మసు టేపు, నువ్వూ విన్నావు గదా. ఎలాగుంది?"

"వదిన గొంతా? ఎప్పట్లాగే ఉంది అన్నా. గంట కొట్టినట్టుంది. నువ్వు అలాగ అనీసరికి, మా చెవులే మంచివి కావు కామోసు అనుకున్నాం."

కొర్నేలి టంకం కడ్డీ ఇవ్వడం కూడా మర్చిపోయి బయటికొచ్చాడు.

ఆ వారంలోనే ప్లాంటు ఆసుపత్రిలో చెవులు చూపించుకున్నాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడితే చెయ్యెత్తమన్నారు. సన్నని చప్పుళ్ళు వచ్చినంతసేపూ చెయ్యి ఒళ్ళోనే ఉంది. మాటలు వినడానికి ఇబ్బంది లేదు గానీ పై శబ్దాలు పోయాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు మెల్లిగా హిందీలో చెప్పాడు. ఎంత మెల్లిగా చెప్పినా ఆ మాట మాత్రం బాగానే వినబడింది.

ఇంటికొచ్చేసరికి సుమతి వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చునే మనిషి కాదు గనుక ఆమె చేట పక్కన పెట్టింది. ఎర్ర చుక్క సంగతి, డాక్టరు మాట, శంకరరావు మాట, ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

"నీ గొంతుకేం అవలేదు సుమతీ. పోయింది నా చెవి. తప్పు చేశాను."

సుమతి ఊరడిస్తుందని అతను లోలోపల ఆశపడ్డాడు. ఆమె ఊరడించలేదు.

"మార్టిన్‌గారు ఇంటికొచ్చి అడిగేరు. రెండుసార్లు అడిగేరు," అంది. "ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడూ పాడలేదండీ. మెరుపు లేని గొంతు నాకే వినబడతాదేమోనని భయం."

"ఇప్పుడు పాడు. ఒక్క చరణం."

"వినలేరని తెలిశాక పాడమంటున్నారేటి?" అందిగానీ, చీర కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. ఆ క్రిస్మస్ నాటి పాటే. మొదట మెల్లిగా, తర్వాత కొంచెం బలంగా. పై చరణంలోకి వెళ్ళేటప్పుడు ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. కొర్నేలి ఊపిరి బిగబట్టి విన్నాడు. స్వరం కింద పడలేదు. మెత్తగా, నున్నగా వినబడింది.

"బాగుంది సుమతీ," అన్నాడు. ఆమెను సంతోషపెట్టడానికి కాదు, అతనికి నిజంగానే బాగుంది.

సుమతి తల అడ్డంగా ఊపింది.

"బాగోలేదండీ. జీర పట్టింది. పైకెళ్ళీసరికి చీలిపోతంది. మీకు తెలవడం లేదు."

అప్పుడు లేని లోపం ఇప్పుడు వచ్చింది. వాడకపోవడంతో గొంతు పాడయింది. అతను ఆనాడు నలుగురిలో అన్నమాట ఇన్నాళ్ళకు నిజమైంది, దాన్ని వినడానికి అతనికి చెవి లేదు. కొర్నేలికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సుమతి అతని ఏడుపు ఆగేదాకా ఆగింది. చేట మళ్ళీ ముందుకు లాక్కుంది.

"రేపట్నుంచి సాధన చేస్తాను. చర్చికెళ్ళి మార్టిన్‌గారిని నేనే అడుగుతాను. గొంతు బాగయిందో లేదో నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఏమీ చెప్పకండి."

"చెప్పను," అన్నాడు కొర్నేలి.